కణజాల పొందిక ప్రతిజనకాలు - వివిధ కణజాలాలలో వ్యక్తీకరణ

కణజాల పొందిక ప్రతిజనకాలు అనగా జీవకణాల ఉపరితలంపై ఉండి, ఒక వ్యక్తి కణాలను మరొక వ్యక్తి కణాల నుండి వేరుగా గుర్తించడానికి వీలు కల్పించే ప్రోటీన్లు. వైద్య విద్యార్థులు వీటిని హిస్టోకంపాటిబిలిటీ యాంటిజెన్లు అనే పేరుతో చదువుకుంటారు. మానవులలో వీటిలో ప్రధానమైన వాటిని హెచ్.ఎల్.ఏ. ప్రతిజనకాలు అంటారు. "మానవ తెల్లరక్తకణ ప్రతిజనకం" అనే అర్థం గల ఆంగ్ల పదబంధానికి ఇది సంక్షిప్త రూపం. పేరులో తెల్లరక్తకణం ఉన్నప్పటికీ ఇవి ఆ కణాలకే పరిమితం కావు. అలాగని శరీరంలోని అన్ని కణాలపైనా సమానంగా ఉండవు.

కేంద్రకం గల దాదాపు ప్రతి కణంలోనూ ఈ ప్రతిజనకాలకు సంబంధించిన జన్యువులు ఒకే విధంగా ఉంటాయి. కాని ఆ జన్యువుల ఆధారంగా ప్రోటీన్ తయారై కణం పైకి చేరడం మాత్రం కణజాలాన్ని బట్టి మారుతుంది. దీనినే వ్యక్తీకరణ అంటారు. మార్పిడి చేసిన మూత్రపిండాన్ని శరీరం ఎందుకు తిరస్కరిస్తుంది, దానంగా పొందిన కార్నియా చాలామందిలో ఎందుకు నిలుస్తుంది, తండ్రి పోలికలు గల గర్భస్థ శిశువును తల్లి శరీరం ఎలా భరిస్తుంది, మలేరియా పరాన్నజీవి ఎర్రరక్తకణంలో ఎలా దాగగలుగుతుంది అనే ప్రశ్నలకు సమాధానంలో పెద్ద భాగం ఈ వ్యక్తీకరణలోని తేడాలలోనే ఉంది.

చరిత్ర

ఒక ఎలుక నుండి మరొక ఎలుకకు అంటించిన కణితి కొన్నిసార్లు పెరగడం, కొన్నిసార్లు నశించడం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల నుండే శాస్త్రజ్ఞుల దృష్టిలో ఉంది. 1936లో లండన్‌లో పీటర్ గోరర్ ఎలుకలలో దీనికి సంబంధించిన ఒక ప్రతిజనకాన్ని గుర్తించాడు. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో జార్జ్ స్నెల్ ఒక్క జన్యు ప్రాంతంలో మాత్రమే తేడా గల ఎలుక వంశాలను పెంచి, తిరస్కరణకు ముఖ్య కారణమైన ప్రాంతం ఏదో నిరూపించాడు. ఎలుకలలో ఆ ప్రాంతానికి హెచ్-2 అని పేరు.

మానవులలో మొదటి ఆధారం రక్తమార్పిడి ద్వారా లభించింది. అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న రోగుల సీరం ఇతరుల తెల్లరక్తకణాలను గుంపులుగా అతుక్కునేలా చేయడం పారిస్‌లో ఝాన్ దొస్సే గమనించాడు. 1958లో ఆయన వర్ణించిన ప్రతిజనకాన్ని నేడు హెచ్.ఎల్.ఏ.-ఏ2 అని వ్యవహరిస్తారు. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ రూడ్, అమెరికాలో రోజ్ పేన్ పలుమార్లు గర్భం ధరించిన స్త్రీల సీరంలోనూ ఇటువంటి ప్రతిరక్షకాలు ఉన్నట్లు వేర్వేరుగా కనుగొన్నారు. స్నెల్, దొస్సే, బరూజ్ బెనసెరాఫ్‌లకు 1980లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ప్రోటీన్లు శరీరానికి సహజంగా ఎందుకు అవసరమో 1974లో తెలిసింది. అవయవ మార్పిడి ప్రకృతిలో జరిగేది కాదు కనుక, వైద్యులకు అడ్డుపడడం వీటి అసలు పని అయి ఉండదు. ఆస్ట్రేలియాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ చేసిన ప్రయోగాలలో, టి లింఫోసైట్లు వైరస్ సోకిన కణాన్ని గుర్తించాలంటే ఆ కణంపై తమ సొంత కణజాల పొందిక ప్రతిజనకం కూడా ఉండాలని తేలింది. ఈ కృషికి వారు 1996లో నోబెల్ బహుమతి పొందారు. 1987లో పమేలా బ్యోర్క్‌మన్, డాన్ వైలీ, జాక్ స్ట్రోమింగర్ బృందం ఏ2 అణువు త్రిమితీయ నిర్మాణాన్ని వెల్లడించింది.

ఏ కణజాలంలో ఏ ప్రతిజనకం ఎంత ఉందో చూడడానికి 1975లో కోలర్, మిల్‌స్టైన్ రూపొందించిన ఏకరూప ప్రతిరక్షకాల పద్ధతి ఎంతో తోడ్పడింది. పలుచగా కోసిన కణజాలంపై ఇటువంటి ప్రతిరక్షకాన్ని పోసి రంగు వచ్చేలా చేస్తే, ప్రతిజనకం ఉన్నచోట రంగు కనిపిస్తుంది. 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో అబ్దుల్లా దార్, అతని సహచరులు ఈ విధంగా మానవ శరీరంలోని అనేక అవయవాలను పరిశీలించి వివరాలను ప్రచురించారు. మొదటి తరగతి ప్రతిజనకాలు కేంద్రకం గల కణాలన్నింటిపైనా ఉంటాయన్న అంతకు ముందరి అభిప్రాయాన్ని ఈ పరిశీలన సవరించింది.

రెండు తరగతులు

మానవులలో ఈ ప్రతిజనకాల జన్యువులు ఆరవ క్రోమోసోమ్ పొట్టి బాహువుపై దగ్గరదగ్గరగా ఉంటాయి. ఈ జన్యువుల సముదాయాన్ని మేజర్ హిస్టోకంపాటిబిలిటీ కాంప్లెక్స్ అంటారు. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య ఇంతగా మారే జన్యువులు మానవులలో మరి లేవు. ఇప్పటివరకు నమోదైన హెచ్.ఎల్.ఏ. జన్యు రూపాంతరాలు వేల సంఖ్యలో ఉన్నాయి.

మొదటి తరగతి ప్రతిజనకాలలో ముఖ్యమైనవి ఏ, బి, సి. వీటిలో ఒక పెద్ద గొలుసు, దానికి తోడుగా బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటాయి. ఈ చిన్న ప్రోటీన్ జన్యువు పదిహేనవ క్రోమోసోమ్‌పై ఉంది. కణం లోపల తయారైన ప్రోటీన్ల తునకలు, అంటే సుమారు 8 నుండి 10 అమైనో ఆమ్లాల పొడవు గల పెప్టైడ్లు, ఈ అణువు పైభాగంలోని గాడిలో అమరి కణం బయటకు వస్తాయి. సిడి8 అనే గుర్తు గల టి కణాలు వీటిని పరీక్షిస్తాయి. బియ్యపు బస్తాను పూర్తిగా విప్పకుండా గుప్పెడు మచ్చు తీసి లోపలి సరుకు ఎటువంటిదో తెలుసుకున్నట్లుగా, కణం లోపల ఏమి జరుగుతున్నదో టి కణం ఈ మచ్చును చూసి గ్రహిస్తుంది. మచ్చులో వైరస్ తునక కనిపిస్తే ఆ కణాన్ని చంపివేస్తుంది.

రెండవ తరగతి ప్రతిజనకాలు డి.ఆర్., డి.క్యు., డి.పి. ఇవి దాదాపు సమానమైన రెండు గొలుసులతో ఏర్పడతాయి. కణం బయట నుండి మింగి జీర్ణం చేసిన పదార్థాల తునకలను ఇవి చూపిస్తాయి. సిడి4 గుర్తు గల సహాయక టి కణాలు వీటిని చూసి మిగిలిన రక్షణ వ్యవస్థను మేల్కొల్పుతాయి.

పనిలో ఉన్న ఈ తేడాయే పంపిణీలోని తేడాకు మూలం. వైరస్ ఏ కణంలోనైనా ప్రవేశించవచ్చు కనుక మొదటి తరగతి ప్రతిజనకాలు విస్తారంగా ఉండాలి. రక్షణ వ్యవస్థను మేల్కొల్పే అధికారం మాత్రం కొన్ని కణాలకే ఉండాలి కనుక రెండవ తరగతి ప్రతిజనకాలు సాధారణంగా పరిమితమైన చోట్లనే ఉంటాయి.

రక్తకణాలు, రక్షణ వ్యవస్థ

మొదటి తరగతి ప్రతిజనకాలు అత్యధికంగా ఉండేది లింఫోసైట్లపైనే. ఒక్కొక్క కణంపై ఇవి లక్షకు తక్కువ కాకుండా ఉంటాయి. అందువల్లనే కణజాల పరీక్షకు చాలాకాలం పాటు లింఫోసైట్లనే వాడేవారు.

రెండవ తరగతి ప్రతిజనకాలు బి లింఫోసైట్లు, డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, థైమస్ గ్రంథి ఉపకళ కణాలపై ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న మానవ టి లింఫోసైట్లపై ఇవి కనిపించవు. అవి ఉత్తేజితమైనప్పుడు మాత్రం కనిపిస్తాయి. థైమస్‌లో ఈ ప్రతిజనకాల పాత్ర ప్రత్యేకమైనది. ఎదుగుతున్న టి కణాలు తమ సొంత ప్రతిజనకాలను గుర్తించడం అక్కడే నేర్చుకుంటాయి. సొంత శరీరంపై దాడి చేయగల టి కణాలలో అధికభాగం అక్కడే నశిస్తాయి.

కేంద్రకం లేకపోయినా రక్తఫలకికలపై మొదటి తరగతి ప్రతిజనకాలు ఉంటాయి, రెండవ తరగతివి ఉండవు. అందువల్ల పలుమార్లు రక్తఫలకికలు ఎక్కించుకున్న రోగిలో హెచ్.ఎల్.ఏ. ప్రతిరక్షకాలు తయారైతే, ఆ తరువాత ఎక్కించిన ఫలకికలు త్వరగా నశించి వాటి సంఖ్య పెరగదు. అటువంటి వారికి పొందిక గల దాతల ఫలకికలను వెదకవలసి వస్తుంది.

పరిణతి చెందిన మానవ ఎర్రరక్తకణాలపై ఈ ప్రతిజనకాలు సాధారణంగా లేనట్లే లెక్క. రక్తమార్పిడికి ఏ, బి, ఓ వర్గం, ఆర్‌హెచ్ గుర్తు సరిపోతే చాలడానికీ, హెచ్.ఎల్.ఏ. పొందిక చూడనవసరం లేకపోవడానికీ ఇది ముఖ్య కారణం. అయితే ఎక్కించే రక్తంలో మిగిలిపోయిన తెల్లకణాల వల్ల గ్రహీతలో ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. మూత్రపిండ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగులకు అనవసరంగా రక్తం ఎక్కించరాదని, ఎక్కించవలసి వస్తే తెల్లకణాలను వడగట్టిన రక్తం వాడాలని వైద్యులు చెప్పేది ఇందుకే.

మలేరియా ఉదాహరణ

దోమకాటు ద్వారా ప్రవేశించిన మలేరియా పరాన్నజీవి మొదట కాలేయ కణాలలో పెరిగి, ఆ తరువాత ఎర్రరక్తకణాలలోకి చేరుతుంది. ఈ వ్యాధి దోమ ద్వారా వ్యాపిస్తుందనడానికి కీలకమైన ఆధారాన్ని 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కనుగొన్నాడు. దోమ కడుపులో పరాన్నజీవిని ఆయన చూసింది అక్కడే.

కాలేయ కణంపై మొదటి తరగతి ప్రతిజనకాలు కొద్దిగానైనా ఉంటాయి. కనుక ఆ దశలో పరాన్నజీవి తునకలు బయటకు కనిపించి, సిడి8 టి కణాలు ఆ కణాన్ని గుర్తించగలుగుతాయి. ఎర్రరక్తకణంలోకి చేరిన తరువాత మచ్చు చూపే అణువే లేదు కనుక ఆ టి కణాలకు పరాన్నజీవి కనిపించదు. అప్పుడు శరీరం ప్రతిరక్షకాలపైన, ప్లీహంపైన ఆధారపడవలసి ఉంటుంది. 1991లో ఏడ్రియన్ హిల్, అతని సహచరులు పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా పిల్లలను పరిశీలించి, బి53 అనే మొదటి తరగతి ప్రతిజనకం గలవారికి తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ ఉన్నట్లు తెలిపారు. కాలేయ దశలోని పరాన్నజీవిని టి కణాలు గుర్తించడమే దీనికి కారణమని వారు ప్రతిపాదించారు.

వివిధ అవయవాలు

* చర్మం: చర్మ ఉపకళ కణాలపై మొదటి తరగతి ప్రతిజనకాలు బాగా ఉంటాయి. వాటి మధ్య ఉండే లాంగర్‌హాన్స్ కణాలపై రెండవ తరగతివి కూడా సమృద్ధిగా ఉంటాయి. ఈ కణాలు లింఫు గ్రంథులకు ప్రయాణించి రక్షణ వ్యవస్థకు వార్త చేరవేస్తాయి. ఇతరుల చర్మాన్ని శరీరం తీవ్రంగా తిరస్కరించడానికి ఇదొక కారణం.
* మూత్రపిండం: రక్తకేశనాళికల లోపలి పొరపై రెండు తరగతుల ప్రతిజనకాలూ ఉంటాయి. మూత్రనాళికల కణాలపై మొదటి తరగతివి ఉంటాయి. రెండవ తరగతివి కొద్దిగా ఉండి, వ్యక్తిని బట్టి మారుతూ, వాపు కలిగినప్పుడు పెరుగుతాయి.
* గుండె: కండర కణాలపై మొదటి తరగతివి స్వల్పం. వాటి మధ్య గల కేశనాళికలపై రెండు తరగతులవీ ఉంటాయి.
* కాలేయం: కాలేయ కణాలపై మొదటి తరగతివి తక్కువ, రెండవ తరగతివి సాధారణంగా ఉండవు. పిత్తవాహికల కణాలపై మొదటి తరగతివి స్పష్టంగా ఉంటాయి. అందుకే మార్పిడి చేసిన కాలేయంలో తిరస్కరణ జరిగినప్పుడు పిత్తవాహికలు, రక్తనాళాల లోపలి పొర ముందుగా దెబ్బతింటాయి.
* క్లోమం: జీర్ణరసాలను స్రవించే భాగంలో మొదటి తరగతివి దాదాపు కనిపించవు. ఇన్సులిన్ తయారుచేసే కణపుంజాలలో స్వల్పంగా ఉంటాయి.
* ఊపిరితిత్తులు, ప్రేగులు: బయటి ప్రపంచంతో నిత్యం తగులుతూ ఉండే ఈ అవయవాలలో కొన్ని ఉపకళ కణాలపై కూడా రెండవ తరగతి ప్రతిజనకాలు ఉంటాయి.
* అస్థికండరం: ఆరోగ్యంగా ఉన్న కండర తంతువులపై మొదటి తరగతివి కనిపించనంత తక్కువ. కండరాల వాపు వ్యాధులలో ఇవి బాగా పెరుగుతాయి. కనుక కండరపు ముక్కను పరీక్షించేటప్పుడు ఈ గుర్తు రోగనిర్ధారణకు ఉపయోగపడుతుంది.
* మెదడు: నాడీకణాలపై ఇవి చాలా తక్కువ. విభజన చెందలేని నాడీకణాన్ని చంపితే దాని స్థానంలో మరొకటి రావడం కష్టం కనుక ఈ ఏర్పాటు శరీరానికి మేలే. అయితే పెదవులపై మళ్ళీ మళ్ళీ పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ నాడీకణాలలో ఏళ్ళ తరబడి దాగి ఉండడానికి తోడ్పడే కారణాలలో ఇదీ ఒకటి. మెదడులోని మైక్రోగ్లియా కణాలు అవసరమైనప్పుడు రెండవ తరగతి ప్రతిజనకాలను చూపగలవు.

కన్ను

కంటి ముందుభాగంలోని పారదర్శక పొర అయిన కార్నియాకు రక్తనాళాలు, లింఫు నాళాలు ఉండవు. దాని లోపలివైపు గల కణాల వరుసపై మొదటి తరగతి ప్రతిజనకాలు కనిపించనంత తక్కువ. కంటి ముందుగదిలోని ద్రవం కూడా రక్షణ వ్యవస్థ తీవ్రతను తగ్గిస్తుంది. ఈ మూడు కారణాల వల్ల కార్నియా మార్పిడికి సాధారణంగా హెచ్.ఎల్.ఏ. పొందిక చూడరు. మానవులలో మొదటి సఫలమైన కార్నియా మార్పిడిని 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ చేశాడు. అప్పటికి ఈ ప్రతిజనకాల గురించి ఎవరికీ తెలియదు.

1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల పెద్ద సంఖ్యలో కార్నియా మార్పిడులు జరగడానికి గల అనుకూలతలలో ఇదొకటి. మరణించిన వ్యక్తి నేత్రాలను బంధుత్వంతో నిమిత్తం లేకుండా అవసరమైన వారికి అమర్చవచ్చు. అయితే గాయం వల్లనో వ్యాధి వల్లనో కార్నియాలోకి రక్తనాళాలు పెరిగి ఉంటే ఈ రక్షణ తగ్గి, తిరస్కరణ ప్రమాదం పెరుగుతుంది.

జరాయువు

శిశువు ప్రతిజనకాలలో సగం తండ్రి నుండి వచ్చినవి. ఆ విధంగా చూస్తే గర్భస్థ శిశువు తల్లి శరీరంలో ఉన్న సగం పరాయి కణజాలం. దీనిని తల్లి శరీరం ఎందుకు తిరస్కరించదు అనే ప్రశ్నను 1953లో పీటర్ మెదావర్ లేవనెత్తాడు.

తల్లి రక్తంలో నేరుగా తడిసే జరాయువు బయటి పొరపై మొదటి తరగతి ప్రతిజనకాలుగాని, రెండవ తరగతివిగాని ఉండవు. కనుక అక్కడ తల్లి టి కణాలకు గుర్తించడానికి ఏమీ దొరకదు. గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయే జరాయు కణాల పరిస్థితి వేరు. మొదటి తరగతి ప్రతిజనకాలు ఏమాత్రం లేని కణాలను సహజ హంతక కణాలు అనే మరొక రకం లింఫోసైట్లు చంపగలవు. ఈ నియమాన్ని 1980 దశకంలో స్వీడన్‌కు చెందిన క్లాస్ కెర్రె వివరించాడు. గోడలోకి చొచ్చుకుపోయే కణాలపై ఏ, బి ప్రతిజనకాలు ఉండవు గాని సి, ఇ, జి ప్రతిజనకాలు ఉంటాయి. వీటిలో జి వ్యక్తికీ వ్యక్తికీ పెద్దగా మారదు. ఈ ప్రతిజనకాలు సహజ హంతక కణాలను శాంతింపజేయడంతోపాటు, శిశువుకు రక్తం అందించే ధమనులు సరిగా విప్పారడానికీ తోడ్పడతాయి.

అయినా శిశువు కణాలు కొన్ని తల్లి రక్తంలోకి చేరుతూనే ఉంటాయి. వాటి వల్ల తల్లిలో తండ్రి ప్రతిజనకాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. వాన్ రూడ్, పేన్ గమనించినవి ఇవే. ఇవి సాధారణంగా శిశువుకు హాని చేయవు. కాని చాలా ఏళ్ళ తరువాత ఆ స్త్రీకి మూత్రపిండం అవసరమై, భర్తగాని బిడ్డగాని దానం చేయడానికి ముందుకు వస్తే, ఈ పాత ప్రతిరక్షకాలే అడ్డు కావచ్చు.

వ్యక్తీకరణ హెచ్చుతగ్గులు

పైన చెప్పిన పంపిణీ ఆరోగ్యంగా ఉన్న కణజాలానికి వర్తిస్తుంది. వైరస్ సోకినా, గాయమైనా, వాపు వచ్చినా ఈ పంపిణీ మారుతుంది. ఈ మార్పుకు ముఖ్యమైన ప్రేరకం టి కణాలు, సహజ హంతక కణాలు స్రవించే ఇంటర్‌ఫెరాన్-గామా. దీని ప్రభావంతో మొదటి తరగతి ప్రతిజనకాలు తక్కువగా ఉన్న చోట పెరుగుతాయి. రెండవ తరగతివి లేని చోట కొత్తగా కనిపిస్తాయి.

రెండవ తరగతి జన్యువులన్నింటికీ తాళంచెవి వంటి ప్రోటీన్ ఒకటి ఉంది. దీని పేరు సి2టిఏ. 1993లో దీనిని కనుగొన్నారు. ఈ ప్రోటీన్ లోపించి పుట్టిన పిల్లలలో రెండవ తరగతి ప్రతిజనకాలు ఏ కణంపైనా సరిగా కనిపించవు. జన్యువులు ఉన్నా, వ్యక్తీకరణ లేకపోవడం వల్ల వారు శైశవం నుండే తీవ్రమైన అంటువ్యాధుల పాలవుతారు. ఎముక మజ్జ మార్పిడి ఒక్కటే వారికి స్థిరమైన చికిత్సగా ఉంటూ వచ్చింది. జన్యువు ఉండడం వేరు, అది పనిచేయడం వేరు అనడానికి ఈ అరుదైన వ్యాధి మంచి నిదర్శనం.

అవయవ మార్పిడిలో ప్రాముఖ్యం

1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం చేసిన మొదటి సఫల మూత్రపిండ మార్పిడి ఏకరూప కవలల మధ్య జరిగింది. వారి ప్రతిజనకాలు ఒకటే కనుక తిరస్కరణ సమస్య రాలేదు. ఇతరుల మధ్య మార్పిడికి పరీక్షలు అవసరమయ్యాయి.

గ్రహీత రక్తంలో దాత ప్రతిజనకాలకు వ్యతిరేకంగా ముందే ప్రతిరక్షకాలు ఉంటే, రక్తనాళాలను కలిపిన వెంటనే అవి మూత్రపిండ కేశనాళికల లోపలి పొరపై ఉన్న ప్రతిజనకాలను పట్టుకుంటాయి. రక్తం గడ్డకట్టి, నిమిషాలలోనో గంటలలోనో మూత్రపిండం నిరుపయోగమవుతుంది. ప్రతిజనకాలు రక్తప్రవాహానికి ఎదురుగా ఉండడమే ఇంతటి వేగానికి కారణం. 1969లో రమణ్ పటేల్, పాల్ తెరసాకి ప్రచురించిన పరిశీలనలో, ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలినా మార్పిడి చేసిన 30 మందిలో 24 మూత్రపిండాలు వెంటనే విఫలమయ్యాయి. ప్రతిరక్షకాలు లేని 195 మందిలో 8 మాత్రమే అలా విఫలమయ్యాయి. ఆ తరువాత, మార్పిడికి ముందు దాత లింఫోసైట్లను గ్రహీత సీరంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష తప్పనిసరి అయింది.

ఈ పరీక్ష ఫలితాన్ని చదవడం కూడా వ్యక్తీకరణపైనే ఆధారపడి ఉంది. టి లింఫోసైట్లపై మొదటి తరగతి ప్రతిజనకాలు మాత్రమే ఉంటాయి. బి లింఫోసైట్లపై రెండు తరగతులవీ ఉంటాయి. గ్రహీత సీరం రెండు రకాల కణాలతోనూ చర్య జరిపితే మొదటి తరగతికి వ్యతిరేకమైన ప్రతిరక్షకం ఉండవచ్చు. బి కణాలతో మాత్రమే చర్య జరిపితే రెండవ తరగతికి వ్యతిరేకమైనదో, లేక మొదటి తరగతికి వ్యతిరేకమైన బలహీన ప్రతిరక్షకమో కావచ్చు. ఏ కణంపై ఏది ఉంటుందో తెలియకపోతే ఈ ఫలితానికి అర్థమే ఉండదు.

అవయవాన్ని బట్టి పొందిక అవసరం మారుతుంది. మూత్రపిండానికి ఏ, బి, డి.ఆర్. పొందిక ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. కాలేయానికి సాధారణంగా రక్తవర్గం, పరిమాణం చూస్తారు గాని హెచ్.ఎల్.ఏ. పొందికను పట్టించుకోరు. అన్నింటికంటే కచ్చితమైన పొందిక కావలసింది ఎముక మజ్జ మార్పిడికి. అక్కడ దాత టి కణాలే గ్రహీత చర్మం, ప్రేగులు, కాలేయంపై దాడి చేసే ప్రమాదం ఉంటుంది.

ఒకే తల్లిదండ్రుల బిడ్డలలో ఇద్దరికి పూర్తి పొందిక ఉండే అవకాశం నాలుగింట ఒకటి. తెలుగునాట మేనరికపు వివాహాలు జరిగిన కుటుంబాలలో తల్లికీ తండ్రికీ ఒకే పూర్వీకుల నుండి వచ్చిన జన్యు సముదాయం ఉమ్మడిగా ఉండవచ్చు. అటువంటప్పుడు తోబుట్టువులలోనే కాక తల్లిదండ్రులలో, దగ్గర బంధువులలో కూడా పొందిక గల దాత దొరికే అవకాశం పెరుగుతుంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన జీవన్‌దాన్ పథకం ద్వారా లభించే మరణానంతర దానాలలో దాత, గ్రహీతలు సాధారణంగా బంధువులు కారు. కనుక అక్కడ మూత్రపిండం విషయంలో క్రాస్‌మ్యాచ్ పరీక్షను కొద్ది గంటలలోనే పూర్తి చేయవలసి ఉంటుంది.

వ్యాధులలో మార్పులు

కొన్ని వైరస్‌లు మచ్చు చూపే ఏర్పాటునే దెబ్బతీస్తాయి. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ప్రోటీన్ ఒకటి పెప్టైడ్లను గాడి వద్దకు చేరనివ్వదు. సైటోమెగాలో వైరస్ మొదటి తరగతి అణువులను కణం లోపలే నాశనం చేయిస్తుంది. హెచ్.ఐ.వి. తన నెఫ్ ప్రోటీన్ ద్వారా ఏ, బి ప్రతిజనకాలను కణం ఉపరితలం నుండి తగ్గిస్తుంది.

క్యాన్సర్ కణాలు కూడా ఈ దారినే అనుసరించవచ్చు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ జన్యువు దెబ్బతిన్న కణితిపై మొదటి తరగతి ప్రతిజనకాలు నిలవవు. టి కణాలను ప్రేరేపించే నూతన చికిత్సలు కొందరు రోగులలో ఫలించకపోవడానికి ఇదొక కారణం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో టాస్మేనియన్ డెవిల్ అనే జంతువులకు కాటు ద్వారా అంటే ముఖపు క్యాన్సర్ 1996లో మొదట కనిపించింది. ఆ కణితి కణాలు మొదటి తరగతి ప్రతిజనకాలను చూపకపోవడం వల్లనే ఒక జంతువు నుండి మరొక జంతువుకు తిరస్కరణ లేకుండా వ్యాపిస్తున్నాయని 2013లో వెల్లడైంది. జన్యువులు చెడిపోలేదు, మూతపడి ఉన్నాయంతే. ఇంటర్‌ఫెరాన్-గామా ఇచ్చినప్పుడు ప్రయోగశాలలో ఆ ప్రతిజనకాలు తిరిగి కనిపించాయి.

వ్యక్తీకరణ పెరగడం కూడా కొన్ని వ్యాధులలో కనిపిస్తుంది. ఒకటవ రకం మధుమేహంలో ఇన్సులిన్ తయారుచేసే కణపుంజాలపై మొదటి తరగతి ప్రతిజనకాలు విపరీతంగా పెరుగుతాయి. థైరాయిడ్ గ్రంథి స్వయం రోగనిరోధక వ్యాధులలో, సాధారణంగా ఉండని డి.ఆర్. ప్రతిజనకాలు ఆ గ్రంథి కణాలపై కనిపిస్తాయి.

అల్ప ప్రతిజనకాలు

హెచ్.ఎల్.ఏ. పూర్తిగా సరిపోయిన తోబుట్టువుల మధ్య కూడా ఎముక మజ్జ మార్పిడి తరువాత సమస్యలు రావచ్చు. వ్యక్తికీ వ్యక్తికీ మారే ఇతర ప్రోటీన్ల తునకలు హెచ్.ఎల్.ఏ. గాడిలో కనిపించడమే దీనికి కారణం. వీటిని అల్ప కణజాల పొందిక ప్రతిజనకాలు అంటారు. ఇక్కడ కూడా పంపిణీయే ముఖ్యం. పురుషులలో మాత్రమే ఉండే హెచ్-వై ప్రతిజనకం అనేక కణజాలాలలో ఉంటుంది. కనుక సోదరి మజ్జ పొందిన సోదరుని శరీరంలో అది చర్మం, ప్రేగుల వంటి వాటిపై దాడికి దారితీయవచ్చు. హెచ్.ఏ.-1 అనే ప్రతిజనకం ముఖ్యంగా రక్తకణాలకే పరిమితం. దానిపై జరిగే దాడి మిగిలిన అవయవాలను వదలి లుకేమియా కణాలను నాశనం చేయడానికి ఉపయోగపడగలదు. ఈ తేడాను చికిత్సకు వినియోగించుకునే ప్రయత్నాలు జరిగాయి.

ఇవి కూడా చూడండి

* రోగనిరోధక వ్యవస్థ
* అవయవ దానం
* నేత్రదానం
* తెల్ల రక్తకణాలు
* మలేరియా